టాక్సీ పద్దు కింద సుమ

"నువ్వు నిజంగా ఇక్కడ పనిచేస్తున్నావా?"

పోర్చుగల్ నుంచి వచ్చిన మార్తా అనే ఇరవై మూడేళ్ళ అమ్మాయి ఈ ప్రశ్న అడిగేసరికి సుమ ఒక చేతిలో పదకొండు గుర్తింపు కార్డులున్నాయి, రెండో చేతిలో మధ్యాహ్నం భోజనాల జాబితా ఉంది, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరుక్కుని ఉంది. మార్తా వెటకారానికి అడగలేదు. కోల్‌కతా న్యూ టౌన్‌లో ఒక విశ్వవిద్యాలయం భవనం ఆరో అంతస్తులో, అంతర్జాతీయ జర్నలిజం విద్యా కేంద్రం విద్యార్థులు తెచ్చిన తొమ్మిదేళ్ళ పత్రికలు గోడకి అద్దాల వెనక వరసగా ఉంటాయి. వచ్చిన మొదటి వారంలో మార్తా వాటినన్నిటినీ చదివింది. రాసినవాళ్ళ పేర్లున్నాయి. ఫొటోలు తీసినవాళ్ళ పేర్లున్నాయి. కాగితం ఖర్చు పెట్టుకున్న దాతల పేర్లున్నాయి. ఒక సంచికలో మెట్ల కింద పడుకునే పిల్లి పేరు కూడా ఉంది. సుమ పేరు లేదు.

సుమ ఫోను పక్కకి తీసి నవ్వింది. "పేరు లేకుండా పనిచెయ్యడం మా ఇంటి విద్య" అంది.

మార్తా అది వినయం అనుకుంది. వినయం కాదు, అచ్చమైన సమాచారం. ఆ సంగతి ఆ అమ్మాయికి అర్థం కావడానికి అయిదు వారాలు పట్టింది.

ఆ కేంద్రాన్ని అందరూ సెంటర్ అంటారు. ఏడాదికి రెండు విడతలు, విడతకి పది వారాలు. పది పన్నెండు దేశాల నుంచి జర్నలిజం చదివే పిల్లలు వస్తారు. 'సరిహద్దులు దాటిన సత్యాన్వేషణ' అని ప్రాస్పెక్టస్ మీద బంగారు అక్షరాల్లో ఉంటుంది. సత్యం సంగతి తర్వాత. వచ్చిన పిల్లకి బెంగాలీ రాదు, హిందీ రాదు, ఏ బస్సెక్కాలో తెలియదు, ఎవరి గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలో తెలియదు. ఇవన్నీ తెలిసిన మనిషి పక్కన లేకపోతే సత్యాన్వేషణ ఆరో అంతస్తు నుంచి లిఫ్టు కూడా దిగదు. ఆ మనిషి సుమ.

ముప్ఫై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి, పెద్ద నడక. ఎండ ఉన్నా లేకపోయినా నల్ల కళ్ళద్దాలు. బెంగాలీ బెంగాలీల్లాగే మాట్లాడుతుంది, హిందీ హౌరా వాళ్ళలా మాట్లాడుతుంది, తిట్టడానికి భోజ్‌పురి వాడుతుంది. ఇంగ్లీషు విని విని నేర్చుకుంది. తెలుగు ఇంట్లో మాట. మాట్లాడుతుంది గాని చదవలేదు. బస్సు బోర్డు మీద తెలుగు రాసుంటే ఆ బస్సు ఆమెకి దొరకదు, కాకపోతే కోల్‌కతాలో ఆ ప్రమాదం తక్కువ.

ఉద్యోగంలో చేరడం కూడా లిఫ్టులోనే. తొమ్మిదేళ్ళ కింద సుమ ఆ భవనం గేటు పక్కన జిరాక్స్ షాపులో పనిచేసేది. ఒక రోజు కాగితాల కట్ట పట్టుకుని లిఫ్టెక్కింది. సెంటర్ డైరెక్టరు జయలక్ష్మి గారు కూడా ఎక్కారు. కాకినాడ మనిషి, అప్పుడే కొత్తగా వచ్చారు. చుట్టూ ఎవరికీ తెలుగు రాదన్న ధైర్యంతో ఫోనులో చెల్లెలికి గట్టిగా చెప్పుకుంటున్నారు. "ఏం చెప్పమంటావే! ఈ బిల్డింగులో ఒక్కళ్ళకి కూడా పని రాదు."

"నాకొచ్చు మేడమ్" అంది సుమ.

పోస్టు లేదు. కొత్త పోస్టుకి ఏడు సంతకాలు, రెండేళ్ళు. అకౌంట్స్ ప్రదీప్‌కుమార్ తెలివైనవాడు, భయస్తుడు. రెండు గుణాలూ కలిస్తేనే మంచి అకౌంటెంటు. ఆయన బడ్జెట్ అంతా వెతికి ఎవరూ వాడుకోని ఒక పద్దు పట్టుకున్నాడు. స్థానిక రవాణా. అప్పటి నుంచి నెలనెలా సుమ ఒక ఓచరు మీద సంతకం పెడుతుంది. టాక్సీ ఒకటి, రోజుకి ముప్ఫై కిలోమీటర్లు, ఇరవై ఆరు రోజులు. సుమ తిరిగేది బస్సులో, జీతం పుచ్చుకునేది టాక్సీ కింద. ఇంక్రిమెంటు ఎప్పుడంటే పెట్రోలు ధర పెరిగినప్పుడు. దేశంలో పెట్రోలు ధర పెరిగితే మిఠాయి కొన్న మనిషి ఆవిడ ఒక్కతే అయివుంటుంది.

ఇక 'ఇంటి విద్య' సంగతి.

సుమ తల్లి అప్పమ్మ. హౌరాలో షాలిమార్ గూడ్స్ యార్డు గోడని ఆనుకుని ఉన్న బస్తీలో ఒక గది ఇల్లు. ఇరవై రెండేళ్ళ పాటు ఒక మునిసిపాలిటీలో వీధులు ఊడ్చింది. ఏ మునిసిపాలిటీయో రాయను, కారణం ఇప్పుడే తెలుస్తుంది. ఉద్యోగం ఆమెది కాదు. దూరపు చుట్టం గురవమ్మది. గురవమ్మకి మామగారు పోయాక ఆ నౌకరీ వచ్చింది. వచ్చిన ఏడాదికే ఉబ్బసం వచ్చింది. పొద్దున్నే దుమ్ములో నిలబడితే ఊపిరాడదు. ఉద్యోగం వదులుకోవడానికి మనసొప్పలేదు. అప్పమ్మకి పని కావాలి. ఇద్దరూ కుళాయి దగ్గర కూచుని బేరం కుదుర్చుకున్నారు. పని అప్పమ్మది, పేరు గురవమ్మది. జీతంలో రెండు వంతులు అప్పమ్మకి, ఒక వంతు గురవమ్మకి. పొద్దున్న అయిదున్నరకి సర్దార్, అంటే ఊడ్చేవాళ్ళ మేస్త్రీ, హాజరీ పుస్తకం తెరిచి "గురవమ్మా!" అని పిలిస్తే, "హాజిర్" అని అప్పమ్మ పలకాలి.

దీన్ని త్యాగమని గాని, పేదల మధ్య ప్రేమ అని గాని ఎవరూ అనుకోనక్కర్లేదు. కూలి బేరం. చట్టం ప్రకారం తప్పు. సర్దార్‌కి తెలుసు, ఆయన పైవాడికి తెలుసు, వీధిలో కుక్కలకి కూడా తెలుసు. వీధి మాత్రం శుభ్రంగా ఉండేది. ఉద్యోగం వయసు గురవమ్మది కాబట్టి, గురవమ్మకి అరవై నిండాయని యాభై ఆరేళ్ళ అప్పమ్మని రిటైర్ చేశారు. వీడ్కోలు సభలో గురవమ్మ పేరు పిలిచి అప్పమ్మ మెడలో దండ వేశారు. అసలు గురవమ్మ రెండో వరసలో కూచుని చప్పట్లు కొట్టింది. ఇప్పుడు పింఛను గురవమ్మ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున భర్త సూరన్నని వెంటబెట్టుకుని, తనుండే లిలువా నుంచి సగం డబ్బు, ఒక సంచీ మరమరాలు తెచ్చి అప్పమ్మకి ఇచ్చి వెళ్తుంది. మూడేళ్ళలో ఒక్క నెల తప్పలేదు. వీళ్ళకి కాగితం రాసుకునే అలవాటు ఉంటే బహుశా తప్పేది.

(అప్పమ్మ, గురవమ్మ, సూరన్న అన్నవి అసలు పేర్లు కావు. ఈ నలుగురిలో సుమ ఒక్కటే అసలు పేరు.)

"అమ్మ ఇంకో మనిషి పేరున చేసింది, నేను టాక్సీ పేరున చేస్తున్నాను. మనిషి నుంచి బండికి ఎదిగేం కాదేటి" అంటుంది సుమ.

ఆమె పనిలో ఒక పద్ధతి ఉంది. దాన్ని ఏ పాఠ్యపుస్తకమూ నేర్పదు. విద్యార్థి ఎవరినైనా ప్రశ్నలడగాలంటే ముందు ఆ మనిషి విద్యార్థిని ప్రశ్నలడగాలి. ఎన్నంటే అన్ని, ఏమడిగితే అది. జవాబు చెప్పి తీరాలి. అది అయ్యేదాకా సుమ రికార్డరు తియ్యనివ్వదు. జర్మనీ కుర్రాడొకడు చేపల మార్కెట్లో నలభై నిమిషాలు తన తల్లిదండ్రుల విడాకుల గురించి చెప్పుకోవాల్సి వచ్చింది. వాడి కథనం ఆ ఏడాది అన్నిటికన్నా మంచిదిగా తేలింది.

మార్తా రాయదలుచుకున్నది ఊరు లేవకముందే వీధులు ఊడ్చే ఆడవాళ్ళ గురించి. సుమ ముగ్గురిని కుదిర్చింది. మే మధ్యలో ఒక ఆదివారం పొద్దున్న రమ్మన్నారు. తీరా ఆ ఆదివారం ముగ్గురూ ఒకే పెళ్ళికి వెళ్ళిపోయారు. మార్తా మొహం వేలాడేసింది. పత్రిక అచ్చుకి తేదీ ఖాయమైపోయింది.

"ఇంకొకావిడ ఉంది" అంది సుమ.

ఆవిడ తన తల్లి అని చెప్పలేదు. తర్వాత చెప్పొచ్చులే అనుకుందట. అసలు మాట అది కాదు. తొమ్మిదేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ అమ్మలనందరినీ విదేశీ పిల్లల ముందు కూచోబెడుతోంది. వాళ్ళలో ఒక్కరికీ అప్పమ్మలా కథ చెప్పడం రాదని సుమ గట్టి నమ్మకం. ఒక్కసారి చెప్పిస్తే ఏం పోయింది అనుకుంది.

అప్పమ్మ పీట వేసింది, టీ పెట్టింది, ప్రశ్నలు మొదలెట్టింది. సుమ మధ్యలో కూచుని అటు తెలుగూ ఇటు ఇంగ్లీషూ.

"ఏటి వయసు?"

"ఇరవై మూడు."

"పెళ్ళి?"

"లేదు."

"జీతవెంత?"

"ఇంకా లేదు. చదువుకుంటున్నాను."

"జీతం లేకండా ఇంత దూరం పంపీసినారా? మీ యమ్మ ఏటి సేస్తది?"

"రొట్టెల బట్టీలో పని. పొద్దున్న మూడింటికి లేస్తుంది."

అప్పమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "మూడింటికే! నాకన్నా ముందే. ఆదివారం సెలవా?"

"ఆదివారమే ఎక్కువ పని."

"ఓలమ్మ! అయితే అడగవే మారతమ్మా, నీకేటి కావాలో అడుగు."

మార్తా రికార్డరు నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, జర్నలిజం చదివే ఎవరైనా మొదట అడిగేదే అడిగింది. మీ పేరు?

"గురవమ్మ" అంది అప్పమ్మ, ఠక్కున.

ఇరవై రెండేళ్ళు పుస్తకం తెరిచినవాడు, పెన్ను పట్టినవాడు పేరడిగితే చెప్పిన జవాబు అది. నోటికి అదే అలవాటు. తను ఏమందో అప్పమ్మకే తెలియలేదు. సుమకి తెలిసింది. దుబాసీ అన్నది చెప్పాలి గాని, అనవలసింది చెప్పకూడదు. క్షణం ఆగి, "ఆమె పేరు గురవమ్మ" అని ఇంగ్లీషులో చెప్పేసింది. తర్వాత అప్పమ్మ రెండు గంటలు నిజం చెప్పింది. పేరు మీద మొదటి అబద్ధం దాటాక అంతా నిజమే.

మార్తా కథనం బాగా వచ్చింది. ఆ అమ్మాయికి న్యాయం పిచ్చి కూడా ఉంది, ఆ వయసులో ఉండాల్సినదే. నేరుగా జయలక్ష్మి గారి గదిలోకి వెళ్ళి, ఈ కథనం కింద రెండు పేర్లు వెయ్యాలి, మార్తా, సుమ, అంది. మనిషిని వెతికింది సుమ, మాట తెచ్చింది సుమ, నేను రాసుకున్నాను అంతే, అంది.

కుదరదన్నారు జయలక్ష్మి గారు. పేరు విద్యార్థులకే. మార్తా వెళ్ళాక సుమని పిలిచారు.

"నువ్వడిగించావా?"

"లేదు మేడమ్. కానీ నాకు కావాలి."

"ఎందుకూ?"

"కావాలి మేడమ్. ఎందుకేటి? అందరికీ ఎందుకు?"

జయలక్ష్మి గారు కళ్ళజోడు తీశారు. "చూడమ్మా సుమా. ఆడిట్‌వాళ్ళు పత్రిక చదవరు గాని పేర్లు చదువుతారు. ఈ సుమ ఎవరు, మన జాబితాలో లేదే అంటారు. నన్నేం చెప్పమంటావు? అది మా టాక్సీ అండీ అనా?"

"చెప్పండి మేడమ్. తొమ్మిదేళ్ళలో ఒక్క పంక్చరు లేదు."

జయలక్ష్మి గారు నవ్వారు. నవ్వాక కూడా కుదరదనే అన్నారు. పేరు పడితే ఓచరు ఆగుతుంది, ఓచరు ఆగితే సుమ మళ్ళీ జిరాక్స్ షాపే. విషయం అంత సూటిగా ఉంది. పేరా, పనా. సుమ ఆలోచించుకుని పనే అంది. సాయంత్రం బస్సులో నల్ల కళ్ళద్దాలు తియ్యకుండా ఇంటికి వెళ్ళింది.

సెంటర్‌లో ఒక నియమం ఉంది. రాసింది అచ్చుకి వెళ్ళే ముందు ఎవరి గురించి రాశారో వాళ్ళకి చదివి వినిపించాలి. పొగడ్తా తెగడ్తా మార్చమనే హక్కు వాళ్ళకి లేదు. తేదీలు, అంకెలు, ఎవరు ఎవర్ని ఏమన్నారు అన్నవి తప్పుంటే చెప్పొచ్చు. పెద్ద పత్రికలు చాలావాటిలో ఇది ఒప్పుకోరు. జయలక్ష్మి గారు ఒప్పుకుంటారు, ఎందుకంటే ఆమె పద్దెనిమిదేళ్ళు పత్రికలో పనిచేసి ఎన్ని తప్పులు అచ్చయ్యాయో లెక్కపెట్టుకున్న మనిషి.

వినిపించడానికి జూన్ మొదటి తేదీ కుదిరింది. అన్నీ గుర్తుంచుకునే సుమకి ఒకటో తారీఖు అంటే ఏమిటో ఆ రోజు గుర్తు లేదు.

గల్లీలో కుళాయి పక్కన బల్ల వేసి మార్తాని కూచోబెట్టారు. అప్పమ్మ గుమ్మంలో. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఏడెనిమిది మంది. మార్తా ఒక వాక్యం చదవడం, సుమ దాన్ని తెలుగులో చెప్పడం. రెండో వాక్యం దగ్గర గల్లీ మలుపులో మరమరాల సంచీతో గురవమ్మ, వెనక గొడుగు పట్టుకుని సూరన్న వచ్చారు.

"ఏటిది, పురాణవా?" అంది గురవమ్మ.

"పేపర్లో పడతాదట. కూకో" అన్నారెవరో. సుమకి అప్పుడు గుర్తొచ్చింది, ఒకటో తారీఖు. మార్తా చదువుతూనే ఉంది.

"గురవమ్మ ఇరవై రెండేళ్ళు నగరం లేవకముందే వీధులు ఊడ్చింది."

"నా గురించే!" అని గురవమ్మ పైట సర్దుకుని బల్ల మీద కూచుంది. "సదవమను."

"ఆమె కాలికి ఒకసారి గాజు పెంకు గుచ్చుకుంటే గుడ్డ కట్టుకుని మిగతా వీధి పూర్తి చేసింది."

"అదెప్పుడు?" అని గురవమ్మ తన కాలు చూసుకుంది.

"తాగి వచ్చి ఇంట్లో డబ్బు ఎత్తుకుపోబోయిన భర్తని ఒక దీపావళి నాడు అదే చీపురుతో కొట్టింది."

"ఎవులు? నానా?" గురవమ్మ లేచి నిలబడింది. "మా ఇంటాయన సుక్క ముట్టడే! ఈ గుంట ఏటి రాసీసింది!"

సూరన్నకి చెవులు కొంచెం మందం. "ఏటంట?" అన్నాడు.

"నాను నిన్ను సీపురుతో కొట్టేనంట!"

సూరన్న ఆలోచించాడు. "ఎప్పుడు కొట్టేవు?"

"కొట్టలేదయ్యా!"

"పేపర్లో పడితే కొట్టినట్టే లెక్క" అన్నాడు సూరన్న, గొడుగు మడుస్తూ. "ఇంక ఊళ్ళో మొహం ఎలా ఎత్తుకోను. పోనీ, దెబ్బ గట్టిగా తగిలినట్టైనా రాసిందా?"

గుమ్మంలో అప్పమ్మ పైట నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. గల్లీ అంతా నవ్వుతోంది. "కొట్టింది నానేనే!" అంది అప్పమ్మ, నవ్వు మధ్య. "నీ పేరుతో కొట్టేను!"

"ఓసి నీ జిమ్మడ! ఉజ్జోగం నా పేరున, దెబ్బలు కూడా నా పేరునేనా?"

మార్తా తల ఎత్తింది. "ఏమంటున్నారు?" అని సుమని అడిగింది.

దుబాసీ అన్నది చెప్పాలి. సుమ కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. "నువ్వు గురవమ్మ అని రాసిన మనిషి గురవమ్మ కాదు. గురవమ్మ ఈవిడ. ఆవిడ అప్పమ్మ." గుమ్మం వైపు చూపించింది. "మా అమ్మ."

మార్తా పుస్తకం మూసేసింది. నవ్వుతున్నవాళ్ళు కూడా, ఏం జరిగిందో తెలియకపోయినా, నవ్వు ఆపారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు వేరే మనిషిని వెతుక్కుంటావు కదా."

అప్పమ్మ ఆ పిల్ల చేతిలో ఒక గిన్నె మరమరాలు పెట్టింది. తిననని అనడానికి మార్తాకి ఏ భాషలోనూ ధైర్యం చాలలేదు. తిరుగు బస్సులో హుగ్లీ వంతెన మీద మార్తా ఒకటే అంది, మేడమ్‌కి చెప్పాలి. నేనే చెప్తాను అంది సుమ. అప్పటికి సుమ మనసులో లెక్క తేలిపోయింది. పేరు ఎలాగూ లేదు, ఇంక పనీ లేదు.

మర్నాడు జయలక్ష్మి గారు అరిచారు. ఆరో అంతస్తు అంతా విన్నది. "బంధువులుంటే ముందే చెప్పాలని ప్రతి విడతలో మొదటి వారం లెక్చరు ఇస్తాను నేను! ఆ లెక్చరుకి వచ్చే ఊళ్ళోవాళ్ళకి దాన్ని బెంగాలీలో చెప్పేది ఎవరు?"

"నేనే మేడమ్."

"ఎన్నిసార్లు చెప్పావు?"

"పద్దెనిమిది సార్లు మేడమ్."

జయలక్ష్మి గారు కుర్చీలో కూలబడ్డారు. అచ్చుకి రెండు రోజులుంది. కథనం తీసేస్తే నాలుగు పేజీలు ఖాళీ. ఉంచితే దాచిన తప్పు. అప్పుడు మార్తా, అంతవరకూ తలుపు దగ్గర నిలబడ్డ పిల్ల, అల్మరా మీద ఉన్న సెంటర్ నియమావళి తీసి పేజీలు తిప్పింది. ఆ నియమావళి జయలక్ష్మి గారే రాశారు. మార్తా గట్టిగా చదివింది. కథనంలోని వ్యక్తికి అనువాదకులు బంధువులైతే ఆ సంగతి కథనం మొదట్లోనే పాఠకులకి తెలియజేయాలి. అనువాదకుల పేరుతో సహా.

"పేరుతో సహా" అని మార్తా ఇంకోసారి చదివింది.

సుమ మొహంలో పశ్చాత్తాపం ఉంది, ఉండాల్సినంత ఉంది. కానీ దాని కింద నుంచి ఇంకేదో పైకి వస్తుంటే పెదవులు బిగబట్టుకుని ఆపుకుంటోంది. జయలక్ష్మి గారు అది చూశారు. "నవ్వావో, చంపేస్తాను" అన్నారు. తనే ముందు నవ్వారు.

మార్తా రాత్రికి రాత్రి తిరగరాసింది. ఇప్పుడది ఊడ్చే పని మీద కథ కాదు, పేరు మీద కథ. పింఛనుకి ఎసరు రాకుండా ఆడవాళ్ళిద్దరి పేర్లూ మార్చింది, ఊరు చెప్పలేదు. తొలి పేజీలో, శీర్షిక కింద, అందరికీ కనపడే అక్షరాల్లో ఒక గమనిక ఉంది. దీనికి దుబాసీగా పనిచేసిన సుమ ఈ సెంటర్‌లో తొమ్మిదేళ్ళుగా ఉన్నారు. కథలోని ఇద్దరిలో ఒకరు ఆమె తల్లి. నాలుగు పేజీల కథనంలో మార్తాది కాక నిజమైన పేరు అదొక్కటే.

అచ్చయిన రోజు ప్రదీప్‌కుమార్ పత్రిక చేత్తో పట్టుకుని జయలక్ష్మి గారి గదిలోకి పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్, టాక్సీకి తల్లి ఉందని అచ్చులో వేశాక నేను ఓచరు ఎలా పాస్ చేసేది?"

"పాస్ చెయ్యకండి. పోస్టు ఇప్పించండి" అన్నారామె.

రెండేళ్ళు పట్టే ఏడు సంతకాలకి పంతొమ్మిది రోజులు పట్టింది. న్యాయం వల్ల కాదు, ప్రదీప్‌కుమార్ భయం వల్ల. ఆయన ఫైలు చంకలో పెట్టుకుని అంతస్తు అంతస్తూ తిరిగాడు. లోకంలో చాలా మంచి పనులు ఇలాగే జరుగుతాయి. జూలై ఒకటి నుంచి సుమ ఫీల్డ్ కోఆర్డినేటర్. కాంట్రాక్టే గాని పేరుంది, ఫొటో ఉన్న కార్డుంది. మెడలో కార్డు వేసుకుని ఆ రోజు లిఫ్టులో మూడు సార్లు పైకీ కిందికీ తిరిగిందని లిఫ్టు మనిషి చెప్పాడు. సుమ రెండే అంటుంది.

అదే ఒకటో తారీఖు సాయంత్రం పత్రిక షాలిమార్ వెళ్ళింది. సుమ మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చెప్పింది. మార్తా కూడా పీట మీద కూచుంది. రెండు రోజుల్లో లిస్బన్ విమానం.

"నాకేటి పేరెట్టినారు?" అని గురవమ్మ అడిగింది.

"కమల."

"కమలా? అదేటి పేరు, మా వీధిలో నలుగురున్నారు. దీనికేటి పెట్టినారు?"

"అమ్మకి పార్వతి."

"దానికి పార్వతి, నాకు కమల! ఉజ్జోగం ఎవులిది?" అని గురవమ్మ ఒక గంట మాట్లాడలేదు. మరమరాలు మాత్రం తింది.

అప్పమ్మ పత్రిక పట్టుకుని, "నీ పేరెక్కడే?" అని అడిగింది. సుమ వేలు పెట్టి చూపించింది. అప్పమ్మ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇంతేనా? దీనికోసవా అంత గోల? హాజరీ పుస్తకంలో ఇంతకన్నా పెద్దగా రాసేవోడు సర్దారు."

"అది నీ పేరు కాదు కదమ్మా."

"అయితేనేటి? పెద్దగానే రాసేవోడు."

సూరన్న మాత్రం చీపురు వాక్యం ఉందా లేదా అని అడిగాడు. ఉంది, పార్వతి భర్తకి తగిలింది అని చెప్పారు. ఆయన నిశ్చింతగా గొడుగు తీసుకుని లిలువా బయల్దేరాడు.

నేను రాసిన ఈ నాలుగు పేజీలు కూడా సుమకి చదివి వినిపించాను. నియమం నియమమే. రెండు దిద్దింది. లిఫ్టులో తిరిగింది రెండు సార్లేనన్నది ఒకటి. జూన్ నెల సంగతి రాయమన్నది ఇంకోటి.

జూన్ నెల ఓచరు మీద సుమ మామూలుగానే సంతకం పెట్టింది. అది ఇప్పటికీ ప్రదీప్‌కుమార్ బల్ల మీద కాగితపు బరువు కింద ఉంది. సెంటర్‌కి టాక్సీ లేదని పోస్టు ఫైల్లో ఆయనే స్వయంగా రాసి సంతకం పెట్టాక, లేని టాక్సీకి డబ్బెలా ఇవ్వాలో ఆయనకి తోచడం లేదు. పదమూడు వేల ఆరువందల యాభై రూపాయలు సుమకి ఇంకా రావాలి.